నడిచిన బిడ్డే లెక్క

మైపాడుకు దక్షిణంగా, బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ నడుమ ఉన్న సన్నని ఇసుకమేట మీద నల్లదొరువు పాళెం ఉంది. అక్కడ బిడ్డల్ని లెక్కపెట్టే పద్ధతి ఒకటి ఉండేది. ఎందరు పిల్లలని అడిగితే నడక వచ్చినవాళ్ళను మాత్రమే చెప్పేవారు. చంకబిడ్డను చెప్పరు, పురిట్లో పోయిన బిడ్డను అసలే చెప్పరు. పోయిన పసికందును, పోటు నీరు వచ్చి ఆగే గీతకు కొంచెం ఎగువన, ఇసుకలో పెట్టి వస్తారు. గుర్తుకు రాయి ఉంచరు. గొంతెత్తి ఏడవరు. ఆనాటితో ఆ బిడ్డ మాట సరి. ఆ తరువాత ఎవరైనా నోరు జారి తలచుకుంటే, తలచిన గొంతును ఆనవాలు పట్టి ఆ బిడ్డ తిరిగి ఇల్లు చేరుతుందనీ, తల్లి కడుపులో ఉన్న తోబుట్టువును తోడుకు తీసుకుపోతుందనీ నమ్మకం. "నడిచిన బిడ్డే లెక్క" అన్న మాట పాళెంలో సామెత కాదు, కట్టుబాటు.

ఆ లెక్క ప్రకారం నాగులమ్మకు బిడ్డలు లేరు.

ఆమె ముగ్గురిని కన్నది. ముగ్గురూ పుట్టగానే గట్టిగా ఏడ్చారు, పాలు తాగారు. పురుడు వెళ్ళే లోపల ముగ్గురికీ ఒకే విధంగా నోరు పట్టేసింది. పెదవులు బిగిసి, పిడికిళ్ళు బిగిసి, ఎవరైనా తాకితే చాలు ఆ చిన్న ఒళ్ళు వెనక్కి విల్లులా వంగిపోయేది. "సముద్రం విల్లు లాగతా ఉండాది" అనేవారు పాళెంలో. లాగేది సముద్రమైనప్పుడు మనుషులు చేయగలిగింది ఏముంటుంది?

1961 వైశాఖంలో నాగులమ్మకు మళ్ళీ నెల తప్పింది. ఆ సంగతి ఆమెకూ, భర్త పోలేరయ్యకూ, అత్త మాలకొండమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. ఈ బిడ్డ నడవాలి. నాగులమ్మకు ఆ రోజుల్లో వేరే కోరిక లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పంచాయతీ సమితి హెల్త్ ఇన్‌స్పెక్టరు జయరామయ్య పాళేనికి వచ్చాడు. తీర గ్రామాల్లో ఒకదానికి ప్రసూతి కేంద్రం కట్టించి, తర్ఫీదు పొందిన మంత్రసానిని నియమించి, మందులు సమకూర్చడానికి ప్రభుత్వం సమితికి గ్రాంటు ఇచ్చింది. పలుకుబడి ఉన్న ఊరికి కాక, పసిబిడ్డలు ఎక్కువగా చనిపోతున్న ఊరికే ఆ కేంద్రం దక్కాలని షరతు పెట్టింది. న్యాయమైన షరతు. ఎక్కడ ఎందరు పోయారో విచారించే పని జయరామయ్యకు అప్పగించారు.

అతడు సైకిలును భుజం మీద వేసుకొని ఇసుకలో రొప్పుతూ వచ్చే సమయానికి ఆడవాళ్ళు నెత్తళ్ళ చేపలు ఎండబోస్తున్నారు.

"ఏందయ్యా, సైకిలు మిమ్మల్ని మోసేది బోయి మీరే దాన్ని మోస్తా ఉండారే!" అని ఒకామె కేకేసింది.

"దానికి ఒంట్లో బాగలేదమ్మా" అన్నాడు జయరామయ్య చెమట తుడుచుకుంటూ. "ఆస్పత్రి పెడితే ముందు దీన్నే చేర్పించాల."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఉండగానే అతడు నీడపట్టున కూర్చొని విచారణ మొదలుపెట్టాడు. ఈ మధ్య సంవత్సరాల్లో మీ ఇంట పుట్టి పోయిన బిడ్డలున్నారా? ఆడవాళ్ళు నవ్వు మాని చేతుల్లోని చేపల వైపు చూశారు. లేరయ్యా అన్నది ఒకామె. లేరన్నది ఇంకొకామె. వరసగా అందరూ లేరన్నారు.

"నీకెంతమందమ్మా పిల్లకాయలు?" అని నాగులమ్మను అడిగాడు.

"లేరయ్యా."

"పుట్టి పోయినవాళ్ళు?"

నాగులమ్మ వంగి ఎండుతున్న చేపలను సర్దసాగింది. పక్కనుంచి మాలకొండమ్మ అందుకుంది. "ఎవురూ లేరయ్యా. దానికి ఇప్పుడిప్పుడే నెల తప్పింది. ఇదే తొలిచూలు."

పాళెంలో పుట్టే బిడ్డలందరినీ చేతుల్లోకి తీసుకునేది మాలకొండమ్మే. ఆమె చెప్పిన తరువాత అనుమానించవలసింది ఏమీ లేదు. జయరామయ్య సంతోషంగా రాసుకొని, సైకిలు భుజానికెత్తుకొని వెళ్ళిపోయాడు.

శ్రావణంలో మళ్ళీ వచ్చాడు. ఈసారి అడగడానికి కాదు, మెచ్చుకోవడానికి. పాళేనికి తీర్పరి అయిన పెద్దకాపు కామాక్షయ్యతో సహా అందరినీ పిలిచి, "తీరం పొడుగునా తిరిగినాను. పసిబిడ్డ పోని ఊరంటే మీదొక్కటే. మీ చేపల్లో ఏం బలముందో గానీ, పట్నంవాళ్ళు కూడా మిమ్మల్ని చూసి నేర్చుకోవాల" అన్నాడు. కేంద్రాన్ని కాలువకు పడమర ఉన్న గొల్లకండ్రిగకు ఇవ్వాలని సమితి అనుకుంటోందట. వరిపొలాలున్న ఆ రైతుల ఊళ్ళో నలుగురు బిడ్డలు పోయారట.

"ఆడ ఏం పెడతారయ్యా?" అని ఆడవాళ్ళ మధ్య నుంచి నాగులమ్మ అడిగింది.

"చదువుకున్న నర్సమ్మ ఉంటాదమ్మా. నెల తప్పినప్పటి నుంచీ చూస్తాది. పురుడు పోస్తాది. బిడ్డకు ఏ జబ్బూ రాకుండా కనిపెట్టుకోనుంటాది."

"నోరు పట్టెయ్యకుండా కూడానా?"

మాలకొండమ్మ ఆమె మోచేతిని గట్టిగా గిల్లింది. జయరామయ్యకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "అన్నిటికీ మందులుంటాయి తల్లీ. మీకెందుకులే, అదృష్టవంతులు" అని నవ్వాడు. సమితి కూటం వచ్చే నెలలో జరుగుతుందనీ, తీర్మానం అప్పుడే ఖాయమవుతుందనీ మాటల సందులో చెప్పాడు.

అతడు వెళ్ళిన తరువాత నాగులమ్మ పెద్దకాపు దగ్గరకు వెళ్ళింది. కామాక్షయ్య తెప్ప నీడన కూర్చొని కాలి బొటనవేలికి వల తగిలించుకొని అల్లుతున్నాడు.

"మామా, ఒక్క మాట. పోయినోళ్ళని చెప్పేదానికి సెలవియ్యి."

అతని చేతిలోని నూలుకండె ఆగింది. "ఎవుర్ని?"

"అందర్నీ. గొల్లకండ్రిగోళ్ళు నలుగుర్ని చెప్పి నర్సమ్మను తెచ్చుకుంటా ఉండారు. మనకు నలుగురేనా మామా?"

"నువ్వు కడుపుతో ఉండావంట గదా. కడుపుతో ఉండేదానివి అనాల్సిన మాటలేనా ఇవి?"

"కడుపుతో ఉండాను గాబట్టే."

"పాపా, నా మాట విను. ఆ నర్సమ్మ వొస్తాదో రాదో సర్కారుకే తెలవాల. పోయిన బిడ్డ పిలిస్తే మాత్రం వొస్తాది. అది మనకందరికీ తెలుసు." కామాక్షయ్య గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో మాత్రం..." అని ఆగిపోయాడు. నోటి దాకా వచ్చిన మాటను మింగి, తలవంచి మళ్ళీ వల అల్లసాగాడు. "చెప్తే దురాయి ఏస్తాను. మీ ఇంటి నిప్పు ఎవురూ ముట్టరు. మీ తెప్ప నీళ్ళల్లో దిగదు."

దురాయి అంటే పాళెం పెద్దలు పెట్టే నిషేధం. దాన్ని మీరినవాడు పాళెంలో ఉండి కూడా లేనివాడే.

ఇంటికి వచ్చి పోలేరయ్యకు చెప్పింది. అతడు, "తెప్ప దించొద్దంటే కాలువ మీద పడవలు లాగేదానికి పోతాను. అదేం పెద్ద కష్టం గాదు. నువ్వు నోరు తెరిచినందుకు లోపలుండేదానికి ఏమన్నా అయితేనో? అప్పుడు ఏ నర్సమ్మ ఏం చేస్తాదిమే?" అన్నాడు.

చెబితే బిడ్డ పోతుందని నాగులమ్మకు భయం; చెప్పకపోతే పోతుందని తెలుసు. మూలన కూర్చొని మాలకొండమ్మ వక్క దంచుతూ అంతా విన్నది.

మరునాడు పొద్దున నాగులమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకొని, కాలువ రేవు దాటి సమితి ఆఫీసుకు పోవడానికి బయలుదేరింది. మాలకొండమ్మ కూడా ఒక గంప ఎత్తుకొని వెంట నడిచింది. ఎక్కడికని కోడలిని అడగలేదు. రేవులో దాటింపు పడవ కోసం జనం నిలబడి ఉన్నారు. అటునుంచి వచ్చిన పడవలోంచి జయరామయ్యే దిగాడు, సైకిలుతో సహా.

నాగులమ్మ గంప దించి అతనికి ఎదురు నడిచింది. "అయ్యా, ఆనాడు మేం చెప్పింది..." అని మొదలుపెట్టింది.

వెనకనుంచి ఒక అరచెయ్యి వచ్చి ఆమె నోటిని గట్టిగా మూసేసింది. చేపల వాసన కొట్టే, ఉప్పుకు పగుళ్ళు వేసిన చెయ్యి. నాగులమ్మ గింజుకుంది. ఆ చెయ్యి వదలలేదు.

"అది కాదయ్యా, నేను చెప్తాను" అన్నది మాలకొండమ్మ. "దీని నోట పోయినోళ్ళ మాట రాలేదు. రేవులో ఉండేవాళ్ళంతా సాక్షి. వినేవాళ్ళెవురన్నా ఉంటే వినండి. పిలిచింది నేను. వొచ్చేదుంటే నా దగ్గిరికి రావాల."

ఒక చేత్తో కోడలి నోరు మూసి ఉంచి, రెండో చేతి కణుపుల మీద లెక్కపెడుతూ, ఉత్తరపు వరస మొదటి ఇంటి నుంచి ఆమె చెప్పుకుంటూ వచ్చింది. బిడ్డలకు పేర్లు లేవు గనుక ఇళ్ళ పేర్లే చెప్పింది. ఆ ఇంట ఇద్దరు. పక్కింట ఒకడు, వాడు సంక్రమణం నాడు పుట్టినాడు. ఆ మూలింట కవలలు, ఒకరి తరవాత ఒకరు. పెద్దకాపు ఇంట ఒక ఆడపిల్ల, జుట్టు నిండా ఉండింది. కణుపులు అయిపోతే మళ్ళీ మొదటి వేలి దగ్గరకు వచ్చింది. ప్రతి బిడ్డనూ చేతుల్లోకి తీసుకున్నదీ ఆమే, ఇసుకలో పెట్టినదీ ఆమే. జయరామయ్య కొంతసేపు రాసుకున్నాడు. తరువాత రాయడం మాని వింటూ నిలబడ్డాడు. రేవులో ఉన్న పాళెం ఆడవాళ్ళు చెవులు మూసుకొని ఇసుకలో కూలబడ్డారు. ఎవరూ లేచి పోలేదు.

"మా ఇంట్లో ముగ్గురు" అని మాలకొండమ్మ ముగించింది.

"మరి ఆనాడు అడిగితే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు జయరామయ్య.

"మీరు ఊరికే వొచ్చినారనుకున్నామయ్యా. పోయినోళ్ళని అడిగేవాళ్ళు ఎవురుంటారు లోకంలో?"

సాయంకాలానికి పాళెం అంతా తెలిసింది. కామాక్షయ్య దురాయి వేశాడు. మాలకొండమ్మ ఇంటి నిప్పు ఎవరూ పుచ్చుకోకూడదు, ఆమె దోసిట నీళ్ళు ఎవరూ తాగకూడదు, పోలేరయ్య తెప్ప కార్తీకం దాకా నీళ్ళు ముట్టకూడదు. పురుళ్ళకు మాత్రం మినహాయింపు, ఎందుకంటే పురుడు పోయడానికి పాళెంలో ఇంకెవరూ లేరు.

సమితి తన తీర్మానాన్ని మార్చుకుంది. కేంద్రం నల్లదొరువుకు వచ్చింది. గ్రాంటుకు ఊరు తన వంతు శ్రమ జోడించాలన్నారు. కాలువలో పడవల మీద ఇటుకలూ సున్నమూ వస్తే, అక్కడి నుంచి ఇసుకదిబ్బలు దాటించి మోసింది పాళెం ఆడవాళ్ళే. మాలకొండమ్మతో మాట్లాడనివాళ్ళు కూడా ఆమె ముందూ వెనకా ఇటుకలు మోశారు. నాగులమ్మ కడుపు కనిపిస్తున్నా తట్ట దించలేదు. ఆమెకు ఎక్కువ బరువు ఎత్తకుండా పోలేరయ్య కాపలా కాసేవాడు. "ఇటికలు మోసే పనికి నాగుల్ని పెట్టినారా, నాగుల్ని మోసే పనికి నిన్ను పెట్టినారా?" అని మగవాళ్ళు అతణ్ణి ఎగతాళి చేశారు. మాలకొండమ్మ ఇంటివాళ్ళతో ఎవరో నవ్వుతూ మాట్లాడటం ఆ నెలల్లో అదొక్కసారే.

కార్తీకం వానలు వెలిసేసరికి రెండు గదుల కట్టడం, తెల్లగా సున్నం కొట్టుకొని, సరుగుడు చెట్ల పక్కన నిలిచింది. తలుపుకు నీలం రంగు వేశారు. తాళం వేశారు.

ప్రారంభోత్సవం సమితి అధ్యక్షులు చేయాలి. ఆ ఉత్సవం కానిదే కేంద్రం లేనట్టే. కేంద్రం లేనిదే నర్సమ్మను పంపరు. మొదట ఖాయం చేసిన నాడు తుపాను పట్టింది. ఆ తరువాత ఎన్నికలు వచ్చాయి. ఫిబ్రవరి దాటితే గానీ ఎవరికీ తీరిక లేదన్నారు. పోలేరయ్య రెండుసార్లు కాలువ దాటి వెళ్ళి జయరామయ్యను బతిమాలాడు. జయరామయ్య పైవాళ్ళను బతిమాలాడు. "రిబ్బను కత్తిరించక ముందే లోపల పురుడు పోస్తే ఏం మర్యాదయ్యా?" అని అడిగారట. జయరామయ్య ఆ మాటను పోలేరయ్యకు చెప్పలేదు. నర్సమ్మ త్వరలోనే వస్తుందని మాత్రమే చెప్పాడు.

పుష్యమాసంలో నాగులమ్మకు నొప్పులు వచ్చాయి. పడుకున్నచోటి నుంచి, తడిక సందులోంచి, నీలం తలుపు కనిపిస్తోంది.

మాలకొండమ్మ ఈ పురుడు పోసినంత శ్రద్ధగా మరే పురుడూ పోయలేదు. పద్ధతిలో ఏ ఒక్కటీ తప్పనీయలేదు. పాళెంలో బొడ్డు కోసేది తండ్రి వలకత్తితోనే. సముద్రం చూసిన ఇనుముతో కోస్తే బిడ్డ సముద్రానికి జడవదు. నొప్పులు మొదలైన క్షణం నుంచి ఆ కత్తిని గడపలో నేలకు గుచ్చి ఉంచుతారు, ఏ గాలీ ధూళీ లోపలికి రాకుండా. దానికి నిప్పు సెగ తగలనీయరు. తగిలితే దాని చలవ పోతుంది. మాలకొండమ్మ ఈసారి కత్తిని పిడి దాకా దించింది. ఏది వచ్చినా తనను దాటి పోకూడదని తానే గడపకు అడ్డంగా కూర్చొంది. బిడ్డ పడగానే కత్తి పెరికి, సముద్రపు నీళ్ళతో కడిగి, బొడ్డు కోసి, మెత్తగా జల్లించిన పిడకల బూడిద అద్దింది.

ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. పాలు తాగింది. పోలేరయ్య తలుపు దగ్గర నిలబడి, "సముద్రం కూడా భయపడతాది దీని గొంతుకు" అన్నాడు. "ఊరుకోరా, దిష్టి" అని మాలకొండమ్మ కసిరింది. ఆమె ముఖం నవ్వుతోంది.

ఒకనాటి పొద్దున నాగులమ్మ చన్ను అందిస్తే బిడ్డ పెదవులు తెరవలేదు. ఆకలి లేదేమో అనుకున్నది. కాసేపాగి మళ్ళీ అందించింది. చిటికెన వేలితో పెదవులు విడదీయబోయింది. ఆ వేలి తాకుడుకే బిడ్డ పిడికిళ్ళు బిగిశాయి.

"అత్తా!" అని అరిచింది.

మాలకొండమ్మ వచ్చి చూసింది. గుడ్డను పాలలో ముంచి బిగిసిన చిగుళ్ళ మీద పిండింది. పాలు చెంపల మీదుగా కారిపోయాయి. మళ్ళీ పిండింది. బిడ్డ విల్లులా వంగితే రెండు చేతులతో వీపు కింద ఆనించి పట్టుకుంది. "నన్ను తీసకపో, పిలిచింది నేనే, నన్ను తీసకపో" అని ఎవరితోనో గొణుగుతూనే ఉంది. సరుగుళ్ళ పక్కన నీలం తలుపుకు తాళం ఎండకు మెరుస్తోంది.

బిడ్డను ఇసుకలో పెట్టి వచ్చింది మాలకొండమ్మే.

పాళెంలో ఎవరూ ఆమెను తిట్టలేదు. మబ్బు పడితే వాన వస్తుందన్నంత మామూలుగా, చెప్పింది గాబట్టి పోయింది అన్నారు. నాగులమ్మ కూడా తిట్టలేదు. అత్త వడ్డించిన అన్నం ఆమెవైపు వీపు పెట్టి తినేది. మాలకొండమ్మ ఆ వీపును చూస్తూ కూర్చొనేది.

ఎన్నికలు ముగిసిన తరువాత మార్చిలో రిబ్బను కత్తిరించారు. నెల్లూరు నుంచి నర్సు ఇందిరమ్మ, ఒక ట్రంకు పెట్టెతో, ప్రైమస్ స్టవ్వుతో వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, మాట చురుకు. రెండో రోజే ఆడవాళ్ళందరినీ వరండాలో కూర్చోబెట్టింది. స్టవ్వు మీద గిన్నెలో నీళ్ళు పెట్టి, అందులో కత్తెర వేసింది.

"ఏందమ్మా, కత్తెర పులుసా?" అన్నది ఒకామె. నవ్వులు.

"పులుసే. ఇది ఉడికితేనే మీ బిడ్డలు బతికేది" అన్నది ఇందిరమ్మ. "నవ్వకండి, వినండి. మట్టిలో, పేడలో కంటికి కనపడని విషం ఉంటుంది. మట్టి తగిలిన కత్తితో బొడ్డు కోస్తే, దాని మీద బూడిద అద్దితే, ఆ విషం లోపలికి పోతుంది. ముందు బిడ్డ బాగానే ఉంటుంది. తాగుతుంది, ఏడుస్తుంది. ఆ తరువాత నోరు పట్టేస్తుంది. పిడికిళ్ళు బిగుస్తాయి. తాకితే చాలు వెనక్కి వంగిపోతుంది, ఇట్లా." ఆమె తన అరచేతిని వెనక్కి విరిచి చూపించింది.

వరండాలో ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ ఊరికి రాక ముందే ఈమెకు ఇదంతా ఎలా తెలిసింది?

"వచ్చిన తరువాత నయం చెయ్యడం కష్టం. రాకుండా చెయ్యడం చాలా సులువు" అన్నది ఇందిరమ్మ. "నీళ్ళు మరిగిస్తే చాలు."

"మా కత్తికి నిప్పు తగలకూడదమ్మా" అన్నదొక ముసలామె. "నిప్పు తగిలిన ఇనుముతో కోస్తే బిడ్డ సముద్రమంటే జడుసుకుంటాది."

"జడుసుకుంటే జడుసుకోనీ. బతికి జడుసుకుంటుంది గదా!"

కొందరు మూతులు విరిచారు. సముద్రం లాగేదాన్ని గిన్నెడు వేడినీళ్ళు ఆపుతాయా అని ఒకరితో ఒకరు గొణుక్కున్నారు. నాగులమ్మ మాత్రం గిన్నెలో పైకీ కిందికీ ఆడుతున్న కత్తెరను చూస్తూ ఉండిపోయింది. గడపలో పిడి దాకా దిగిన కత్తి, జల్లించిన బూడిద, అద్దిన వేళ్ళు. ఆమె తల తిప్పి అత్త కోసం చూసింది. దురాయి వల్ల అందరికీ ఎడంగా, మెట్టు మీద అంతవరకూ కూర్చొన్న మాలకొండమ్మ అక్కడ లేదు.

పాళెంవాళ్ళు మంచినీళ్ళు తోడుకునే ఇసుకగుంట దగ్గర ఆమె దొరికింది. కడవ నిండి పొర్లుతున్నా చిప్పతో ఇంకా నీళ్ళు పోస్తూనే ఉంది.

"కడవ నిండింది అత్తా."

మాలకొండమ్మ చిప్ప దించింది. కోడలు పలకరించి రెండు నెలలయింది. ఆమె ముఖంలోకి చూడకుండానే అడిగింది: "ఆయమ్మ చెప్పింది నిజమేనంటావా?"

నాగులమ్మ కడవ మూతి మీది ఇసుక తుడిచింది.

"మన బిడ్డలు నలుగురే గాదు గదమే. రేవులో నేను చెప్పిన లెక్కంతా. దానికి ముందు మా యమ్మ చేసిన పురుళ్ళు. నాకు నేర్పింది మా యమ్మే." ఆమె గొంతులో ఏడుపు లేదు. "మెత్తంగా ఉండాలని బూడిద రెండుసార్లు జల్లిస్తాను నేను. ఇంకెవురూ అట్టా జల్లించరు."

గాలికి సరుగుళ్ళు హోరుమంటున్నాయి. రెండు నెలలుగా నాగులమ్మ అత్త వైపు వీపు తిప్పింది ఆమె మాటవల్లనే బిడ్డ పోయిందని. ఇప్పుడు ఆ మాట కాదని తెలిసింది. ఆ సంగతి నోరు తెరిచి చెబితే, అత్త నెత్తి మీది చిన్న బరువు దించి, మనిషి మోయలేనిది ఎత్తి పెట్టినట్టు అవుతుంది. పాళెం ఇసుకలో ఉన్న ప్రతి బిడ్డా వచ్చి ఆ రెండు చేతుల్లో పడుతుంది.

ఆమె వంగి, అత్త చేతిలోంచి చిప్ప తీసుకుంది.

"ఆయమ్మకేం తెలుసు అత్తా. నిన్నగాక మొన్నొచ్చింది" అన్నది. "నీ చెయ్యి మంచిదే. నువ్వు రేవులో చెప్పినందుకే పోయింది మన బిడ్డ. అంతే. ఇంకేం లేదు."

మాలకొండమ్మ మొదటిసారిగా తలెత్తి ఆమె కళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"నా మాటేనంటావు."

"నీ మాటే అత్తా."

"సరే" అన్నది మాలకొండమ్మ. కడవ నెత్తికెత్తమని సైగ చేసింది. ఆనాటి రాత్రి నాగులమ్మ అత్తకు ఎదురుగా కూర్చొని అన్నం తిన్నది. మాలకొండమ్మ తినలేదు.

చైత్రం చివర్లో పెద్దకాపు కోడలికి నొప్పులు మొదలయ్యాయి. నర్సమ్మ దగ్గరకు పోవడానికి ఆ ఇంట ఎవరికీ ధైర్యం లేకపోయింది. కామాక్షయ్యే స్వయంగా వచ్చి, దురాయి వేసిన ఇంటి ముందు తల గుడ్డ తీసి నిలబడ్డాడు.

"రా మాలకొండక్కా. పిల్ల అల్లాడతా ఉండాది."

మాలకొండమ్మ గడప దాటలేదు. "నేను రాను కాపా."

"దురాయికి ఇది లెక్కగాదు గదా!"

"దురాయి మాట గాదు. నేను పోయినోళ్ళని పిలిచిన నోరు. నా మనమరాలే ఏమయిందో మీరంతా చూసినారు. నేను ముట్టుకుంటే ఏ బిడ్డా నిలవదు. ఈ పాళెంలో ఏ కడుపూ ఇంక నా చేతికి రాకూడదు. ఆ నర్సమ్మ మనూరిది గాదు, ఆమెకు మనోళ్ళెవురూ తెలవరు, ఆమె వెనక ఎవురూ రారు. ఆడికి తీసకపో. బిన్నా పో, జాగు చెయ్యొద్దు."

ఆమె గట్టిగా, నలుగురికీ వినబడేలా చెప్పింది. కామాక్షయ్య ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తరువాత పరుగెత్తాడు. ఇసుకగుంట దగ్గర తాను చెప్పిన అబద్ధాన్నే అత్త ఊరికి అప్పజెప్పడం విని, లోపల నిలబడిన నాగులమ్మ గుంజను పట్టుకుంది.

నీలం తలుపు వెనక మగబిడ్డ పుట్టాడు. ఆ తరువాత వైశాఖంలో ఇద్దరు, జ్యేష్ఠంలో ఒకరు, అందరూ అక్కడే. మాలకొండమ్మ నీడ సోకుతుందన్న భయంతో గర్భిణీలు ఆమె ఇంటి వైపు దారి కూడా మానేశారు; చుట్టు తిరిగి నర్సమ్మ దగ్గరకు పోయేవారు. సంగతి తెలిసి ఇందిరమ్మ కోపంగా వచ్చింది. "పెద్దదానివి, నువ్వే శాపమనీ గీపమనీ ఊరంతా చాటడం ఏమిటమ్మా? ఇట్లాంటి మూఢనమ్మకాలు పోగొట్టడానికి నేనెంత పాటుపడుతున్నానో తెలుసా?" అని మందలించింది.

"ఇంక చెప్పనులేమ్మా" అన్నది మాలకొండమ్మ వినయంగా. మళ్ళీ చెప్పింది, అడిగినవాళ్ళందరికీ.

పెద్దకాపు మనవడికి పురుడు వెళ్ళిన నాడు ఇంటింటికీ బెల్లమూ పుట్నాలూ పంచారు. మాలకొండమ్మ ఇంటికి రాలేదు. బిడ్డను పాళెం అంతా తిప్పుతూ, ఈ ఇంటి దగ్గరకు వచ్చేసరికి ముఖం మీద కొంగు కప్పి గబగబా దాటించారు. గుమ్మంలో కూర్చొన్న మాలకొండమ్మ కూడా ముఖం పక్కకు తిప్పుకుంది.

వాళ్ళు వరస చివరికి చేరిన తరువాత, లోపల పొయ్యి ఊదుతున్న కోడలిని పిలిచింది.

"నాగులూ, ఆ బిడ్డ చన్ను పడతా ఉండాడా?"

"పడతా ఉండాడంట అత్తా."

"నోరు బాగా తెరస్తా ఉండాడా?"

"తెరస్తా ఉండాడంట."

మాలకొండమ్మ లేచి, గుమ్మం దిగి, తాను బిడ్డల్ని పెట్టిన సముద్రపు ఇసుక వైపు కాకుండా, వాళ్ళ లెక్క చెప్పిన కాలువ రేవు వైపు నడిచిపోయింది.